లాక్ లోమండ్ తూర్పు ఒడ్డు: రోవర్డెనన్ నుంచి ఇన్వరార్నన్‌కి ఆరు గంటలు చాలవా?

ప్రశ్న:
జూన్‌లో నలుగురం స్కాట్లాండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే అనే కాలిబాటలో లాక్ లోమండ్ సరస్సు పక్క ముక్క నడుద్దామనుకుంటున్నాం. ముందురోజు రాత్రి రోవర్డెనన్ హాస్టల్లో బస. పొద్దున్నే బయల్దేరి ఇన్వరార్నన్ చేరి, సాయంత్రం బస్సుకి గ్లాస్గో వెళ్ళాలి. మ్యాపులో 22 కిలోమీటర్లే, పెద్ద ఎక్కుడు కూడా కనబడట్లేదు. ఆరు గంటలు చాలవా?

జవాబు 1:
చాలవండీ. తొమ్మిది గంటలు పెట్టుకోండి. సగం దూరంలో వచ్చే ఇన్వర్‌స్నెయిడ్ దాకా 11 కి.మీ. పర్వాలేదు. ఆ ముక్కలోనే, బయల్దేరిన కాసేపటికి, టార్మిగన్ లాడ్జ్ దాటాక దారి చీలుతుంది: పైది అడవిలో వెడల్పాటి బండి బాట, కిందిది నీళ్ళ పక్కనే ఎగుడుదిగుడు కాలిబాట. ఒళ్ళు అలవాటు లేనివాళ్ళుంటే పైదే పట్టండి, శక్తి తర్వాత కావాలి.

అసలు కష్టం ఇన్వర్‌స్నెయిడ్ తర్వాత. రాబ్ రాయ్ గుహ చుట్టుపక్కల బండల మీద చేతులు ఆన్చి ఎక్కాలి, దిగాలి. అక్కడ గంటకి రెండు కి.మీ. నడిస్తే గొప్ప. ఎత్తు చూసి లెక్కేసేవాళ్ళంతా ఇక్కడే దెబ్బతింటారు.

జవాబు 2:
నడక కర్రలుంటే ఆ బండల దగ్గర మడిచి సంచికి కట్టేయండి, రెండు చేతులూ కావాలి. ఓక్ చెట్ల వేళ్ళు బాటకి అడ్డంగా పాకి ఉంటాయి. బూట్ల రాపిడికి బెరడు పోయి నున్నగా ఉంటాయి, తడిస్తే సబ్బుబిళ్ళే. వేరు మీద కాలు పెట్టకండి, రెండు వేళ్ళ మధ్య మట్టిలో పెట్టండి. వాన పడ్డ మర్నాడైనా చెట్ల నీడలో ఆరవు.

భోజనం ఇన్వర్‌స్నెయిడ్‌లోనే కానివ్వండి, మళ్ళీ ఇన్వరార్నన్ దగ్గరున్న బైన్‌గ్లాస్ దాకా కొట్టు లేదు. పులిహోర భేషుగ్గా పనికొస్తుంది, చల్లారినా తినొచ్చు.

జవాబు 3:
జూన్ అంటే మిడ్జిలు అనే కుట్టే పురుగులు. నుసుమలంత ఉంటాయి, గాలి ఆడని తడి సాయంత్రాల్లో గుంపుగా మీద పడతాయి. ఆగితే గాలి తగిలే ఒడ్డునే ఆగండి. తలకి సన్నటి వల, ఒంటికి రాసుకునే, పికారిడిన్ ఉన్న పురుగుల మందు ఉండాలి. గడ్డిలో గోమార్లు ఉంటాయి, కాబట్టి ప్యాంటు సాక్సుల్లోకి దోపండి. రాత్రికి మోకాళ్ళ వెనక, గజ్జల్లో చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్న చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నూనె రాయడం, కాల్చడం వద్దు. తర్వాతి వారాల్లో ఎర్రటి మచ్చ పెరుగుతూ పోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, లైమ్ వ్యాధి కావచ్చు.

జవాబు 1:
ఇంకొకటి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది, కాబట్టి మీ గడువు సూర్యుడు కాదు, బస్సు. ఒంటిగంటలోపు ఇన్వర్‌స్నెయిడ్ చేరకపోతే అక్కణ్ణుంచి అవతలి ఒడ్డునున్న టార్బెట్‌కి పడవెక్కేయండి. ముందుకెళ్ళాక అలిసిపోతే ఆర్డ్‌లీష్ దగ్గర ఒడ్డున ఒక స్తంభం ఉంటుంది, తాడు లాగి దాని బంతిని పైకెత్తితే అవతలి ఆర్డ్‌లూయి నుంచి పడవ వస్తుంది. అక్కడ రైల్వే స్టేషనుంది, బండి నేరుగా గ్లాస్గోకే. పడవల వేళలు, చివరి బస్సు, రైలు టైములు ముందురోజే రాసిపెట్టుకోండి, దారిలో ఫోన్ సిగ్నల్ నమ్మలేం.