నల్ల క్లాప్టన్ స్ట్రాట్‌ని ‘బ్లాకీ లిమిటెడ్ ఎడిషన్’ అని అమ్ముతున్నారు, నమ్మొచ్చా?

వైజాగ్_బ్లూస్:
అందరికీ నమస్తే. ఇక్కడ ఒకాయన సెకండ్‌హ్యాండ్ ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ (స్ట్రాట్) ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముతున్నారు. నల్ల బాడీ, తెల్ల పిక్‌గార్డ్, మేపుల్ నెక్, హెడ్‌స్టాక్ (నెక్ పైచివర) మీద బ్రిటిష్ గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ సంతకం. "ఇది బ్లాకీ, లిమిటెడ్ ఎడిషన్, నాలుగేళ్లు ఆగితే రేటు డబుల్" అని ఒకటే ఊదరగొడుతున్నారు. ఫెండర్ క్లాప్టన్ పేరుతో అమ్మే కొత్త సిగ్నేచర్ మోడల్ రేటు కంటే ఎక్కువే చెబుతున్నారు. నేను వాయించుకోడానికే కొంటున్నా, కానీ రేటు పెరుగుతుందంటే ఇంట్లో ఒప్పించడం తేలిక, అందుకే ఆశ. ఫొటోలు చూస్తే బాగానే ఉంది. ఏమంటారు?

పాత_ఆంప్:
తమ్ముడూ, బ్లాకీ, క్లాప్టన్ సిగ్నేచర్ మోడల్ రెండూ వేరు వేరు గిటార్లు. రంగు ఒకటే కాబట్టి కలిపేస్తుంటారు, కొందరు తెలియక, కొందరు తెలిసే.

అసలు బ్లాకీ అనేది ఫెండర్ కంపెనీ తయారుచేసిన మోడలే కాదు. 1970లో క్లాప్టన్ నాష్‌విల్‌లో షో-బడ్ అనే షాపులో పాత స్ట్రాట్లు ఆరు కొన్నాడు, అప్పట్లో వాటిని అడిగేవాళ్లు లేక చవగ్గా వచ్చాయి. తోటి రాక్ సంగీతకారులు జార్జ్ హారిసన్‌కి ఒకటి, పీట్ టౌన్‌షెండ్‌కి ఒకటి, స్టీవ్ విన్‌వుడ్‌కి ఒకటి ఇచ్చేసి, మిగిలిన మూడింటిలో బాగున్న భాగాలు తీసి ఒకటిగా బిగించుకున్నాడు. అదీ బ్లాకీ. 80ల మధ్య దాకా అదే వాయించాడు, నెక్ అరిగిపోయాక పక్కన పెట్టాడు. 2004 జూన్‌లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో గిటార్ సెంటర్ అనే షాపుల కంపెనీ దాన్ని 9,59,500 డాలర్లకు కొంది. ఆ డబ్బు ఆంటిగ్వాలో ఆయన పెట్టిన క్రాస్‌రోడ్స్ డీ-అడిక్షన్ సెంటర్‌కి వెళ్లింది.

లిమిటెడ్ ఎడిషన్ అంటే ఆ తర్వాత 2006లో ఫెండర్ కస్టమ్ షాప్ (ప్రత్యేక గిటార్లు చేసే విభాగం) అసలు గిటార్ని దగ్గర పెట్టుకుని చేసిన 275 నకళ్లు. అరుగుదలతో సహా, హెడ్‌స్టాక్ మీద సిగరెట్ కాలిన మచ్చతో సహా దించారు. అప్పట్లోనే ఒక్కోటి సుమారు 20 వేల డాలర్లు. ఆ 275లో ఒకటి ఇంత నిగనిగలాడుతూ వైజాగ్ క్లాసిఫైడ్స్‌లోకి వచ్చిందంటే నేనైతే నమ్మను.

మీకు చూపిస్తున్నది మామూలు సిగ్నేచర్ మోడల్ అయ్యుంటుంది. ఫెండర్ మొట్టమొదటి సిగ్నేచర్ గిటార్ అదే, 1988లో వచ్చింది, ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. మంచి గిటారే, అందులో డౌట్ లేదు. కానీ ఎప్పుడంటే అప్పుడు షాపులో దొరికేదానికి లిమిటెడ్ రేటు ఎందుకు ఇవ్వాలి?

రెండో_తీగ:
తేలిగ్గా తేల్చుకునే దారి ఒకటుంది. మూడో నాబ్ తిప్పి చూడండి. సిగ్నేచర్ మోడల్‌లో అది మిడ్ బూస్ట్, అంటే మధ్య స్థాయి స్వరాల్ని పెంచేది, పూర్తిగా పెడితే 25 డెసిబెల్స్ దాకా పెంచుతుంది, సన్నగా ఉండే స్ట్రాట్ సౌండ్ గిబ్సన్ కంపెనీ గిటార్‌లా లావెక్కుతుంది. దానికి లోపల 9 వోల్ట్ బ్యాటరీ ఉంటుంది. బ్లాకీలో బ్యాటరీ, సర్క్యూట్ లాంటివి ఏవీ లేవు, సాదా పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టే భాగాలు), ఒక వాల్యూమ్, రెండు టోన్లు, అంతే. అంటే ఆయన పేరు పెట్టి అమ్మే గిటార్, ఆయన ఏళ్ల తరబడి వాయించిన గిటార్ లోపల ఒకటి కావు. మొదట్లో వచ్చినవాటిలో లేస్ సెన్సర్ పికప్‌లు ఉండేవి, 2001 తర్వాత వింటేజ్ నాయిస్‌లెస్, కాబట్టి అది ఏ సంవత్సరంది అని కూడా అడగండి.

నా దగ్గర ఒకటుంది. నెక్ వెనక వి ఆకారంలో ఉంటుంది, బొటనవేలు పైనుంచి వేసి బెండ్స్ (తీగ లాగి స్వరం పెంచడం) వాయించేవాళ్లకి ప్రాణం, కొందరికి అస్సలు పడదు. చేతిలో పెట్టుకుని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. కేబుల్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది, అదొక్కటే గొడవ.

పెట్టుబడి_వద్దు:
నాకు ఈ నకళ్ల పిచ్చే అర్థం కాదు. అమెరికన్ రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ తెచ్చి ఇంట్లో బిగించుకున్న గిటార్‌కి 2007లో 300 నకళ్లు చేసి ఒక్కోటి 25 వేల డాలర్లకి అమ్మారు, దాని మీద ఆయన బిగించిన 1971 నాటి పావు డాలర్ నాణెంతో సహా. వాళ్లు డబ్బుల్లేక, నచ్చింది మార్కెట్లో దొరక్క, సొంతంగా చేసుకున్నారు. మనం వాళ్ల గీతలకి డబ్బులు కడుతున్నాం.

పాత_ఆంప్:
@పెట్టుబడి_వద్దు కలెక్టర్ల సరదా కలెక్టర్లది, వదిలేయ్ బ్రో. పాపం ఈయన వాయించుకోడానికి అడుగుతున్నాడు.

వైజాగ్_బ్లూస్:
థ్యాంక్స్ అన్నలూ. ఇప్పుడే ఫోన్ చేసి మూడో నాబ్ గురించి అడిగా. "అది తిప్పితే సౌండ్ మస్తు పెరుగుతుంది సార్, స్పెషల్ ఫీచర్" అన్నారు. అంటే మామూలు సిగ్నేచరే అన్నమాట. సర్టిఫికెట్ ఉందా అంటే వెతకాలట. కొత్తదాని రేటులో సగం దగ్గర మొదలుపెడదామని ఉంది. ఆదివారం వెళ్తున్నా, ఇంకేం చూడమంటారు?

రెండో_తీగ:
ముందు ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) ఎంత అరిగాయో, తర్వాత నెక్ వంగిందో లేదో. మీ ఊరి ఉప్పుగాలికి బ్రిడ్జ్ స్క్రూలు తుప్పు పడతాయి, అవి తిరుగుతున్నాయో లేదో కూడా చూడండి. వెళ్లేటప్పుడు కొత్త 9 వోల్ట్ బ్యాటరీ ఒకటి జేబులో వేసుకెళ్లండి, లేకపోతే "బ్యాటరీ వీక్ సార్" అని ఏది పనిచేయకపోయినా దాని మీదకే తోసేస్తారు.