చర్చ: దావీదు "మనలాంటివాడే" అనుకోవచ్చా?

సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం ప్రసంగం దావీదు రాజు, బత్షెబ మీద. చివర్లో పాస్టర్‌గారు "దావీదు కూడా మనలాంటివాడే. పడ్డాడు, లేచాడు, దేవుడు వాడుకున్నాడు" అన్నారు. ఆమెన్‌లు గట్టిగానే వినపడ్డాయి. నాకు మాత్రం మింగుడుపడలేదు. ఇది కాలు జారడమా? 2 సమూయేలు 11 చదవండి. యుద్ధంలో ఉన్న సైనికుడి భార్యను మనుషుల్ని పంపి రప్పించుకున్నాడు. ఆమె గర్భవతి అని తెలిశాక భర్తను పిలిపించి ఇంటికి పంపాలని చూశాడు. తోటివాళ్ళు గుడారాల్లో ఉంటే నేను ఇంటికెలా వెళ్తానని ఊరియా రాజు గుమ్మం దగ్గరే పడుకున్నాడు. ఆఖరికి అతన్ని చంపించమని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. ఇందులో "నేనూ అంతే" అనుకోవాల్సింది ఎక్కడ?

కువైట్ నైట్‌డ్యూటీ:
మీ బాధ అర్థమైంది సిస్టర్. కానీ తప్పులు చేసినవాళ్ళు, ఓడిపోయినవాళ్ళు బైబిల్లో లేకపోతే నాలాంటిదానికి అది దక్కేది కాదు. నేను ఇక్కడ నర్సుని, పిల్లలు ఊళ్ళో అమ్మ దగ్గర. ప్రార్థన కూడా నోటికి రాని రోజులుంటాయి. అప్పుడు 1 రాజులు 19 తెరుస్తాను. కర్మెలు కొండ మీద అంత గెలిచిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరించగానే పారిపోయి బదరీవృక్షం కింద కూర్చుని ప్రాణం తీసెయ్యమన్నాడు. దేవదూత వచ్చి "నీ విశ్వాసం ఏమైంది" అని తిట్టలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి తినిపించాడు. "ఏలీయా మనవంటి స్వభావముగల మనుష్యుడే" అని యాకోబు పత్రికే అంటోంది కదా (5:17).

పాత నిబంధన:
అక్కా, ఆ వచనంలో యాకోబు చెప్పేది ఏలీయా ప్రార్థన గురించి, వాన ఆగిపోవడం గురించి. అతని ఓటమి గురించి కాదు. అయినా అలసిపోయినవాణ్ణి, హత్య చేయించినవాణ్ణి ఒకే గాటన కట్టొద్దు. ఏలీయా ఎవరి కొంపా ముంచలేదు.
అసలు దావీదును నిలదీయడానికి వచ్చిన నాతాను ప్రవక్త ఏం చేశాడో చూడండి. పేదవాడి చేతిముద్దలు తిని, అతని గిన్నెలో తాగి, కౌగిట్లో పడుకునే గొర్రెపిల్ల కథ చెప్పాడు. దావీదు మండిపడి, నాలుగింతలు కట్టాలని తీర్పు కూడా ఇచ్చేశాడు. ఆ ధనవంతుడిలో తన ముఖం అతనికి కనపడనే లేదు. "ఆ మనుష్యుడవు నీవే" అని ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. మనమైతే ఎవరూ చెప్పకుండానే "ఆ మనుష్యుణ్ణి నేనే" అనేస్తున్నాం, అదీ క్షమాపణ దొరికిన తర్వాతి దావీదుతో!

హల్లెలూయ బ్రదర్:
తీర్పు తీర్చకుడి. మత్తయి 7:1. అంతే.

పాత నిబంధన:
నాతానుకి కూడా ఈ వచనం చూపించేవారా బ్రదర్?

రెండో వరుస:
ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఇవాళ రాస్తున్నాను. మా నాన్న తాగి అమ్మను కొట్టేవాడు. తర్వాత మారాడు, నిజంగానే మానేశాడు, అందుకు దేవునికి స్తోత్రం. ప్రతి క్రొత్త సంవత్సరపు ఆరాధనలో లేచి, బత్షెబ విషయంలో దావీదు పశ్చాత్తాపపడి రాసిన 51వ కీర్తన చదివి సాక్ష్యం చెప్పేవాడు. "నీకు కేవలము నీకే విరోధముగా" దగ్గర గొంతు వణికేది. అమ్మ ఆడవాళ్ళ వైపు చాపమీద కూర్చుని, కొంగు సర్దుకుంటూ వినేది. ఆమె పంటికి కట్టించిన తొడుగు సంగతి ఆ సాక్ష్యంలో ఏనాడూ రాలేదు. ఇంట్లో ఆమెను ఒక్క మాట అడిగిందీ లేదు. సంఘంలో అందరూ నాన్నను "మా దావీదు" అనేవారు. అమ్మ ఎవరో ఎవరూ అనలేదు.

కువైట్ నైట్‌డ్యూటీ:
చెల్లీ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అమ్మకు జరిగింది అన్యాయమే. ఆ కీర్తన లేకపోతే మీ నాన్న మానేవాడా అని మాత్రం అడగాలనిపిస్తోంది.

రెండో వరుస:
మానేవాడు కాదేమో అక్కా. అందుకే కీర్తన తీసెయ్యమనడం లేదు.

సండేస్కూల్ టీచర్:
బత్షెబ గురించీ ఒక మాట. మిద్దెమీద స్నానం చేసి రాజును రెచ్చగొట్టిందని ప్రసంగాల్లో వింటుంటాం. వచనంలో మిద్దెమీద ఉన్నది దావీదు. ఆమె మిద్దె ఎక్కినట్టు ఎక్కడా లేదు.

గుండ్లకమ్మ:
అందరూ దావీదు దగ్గరే ఆగారు, నేను పేతురు దగ్గరికి వస్తాను. చలిమంట దగ్గర యేసు ఎవరో ఎరగనని బొంకి, కోడి కూయగానే ఏడ్చిన పేతురంటే మనందరికీ ఇష్టం. గలతీయులకు 2వ అధ్యాయంలో పేతురు మాటేమిటి? అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి తింటూ, యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే భయపడి పక్కకు జరిగాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఆ పేతురుతో పోల్చుకుని సాక్ష్యం చెప్పినవాణ్ణి నేను చూడలేదు. మన దగ్గర పోలిక అతికినట్టు సరిపోయేది అక్కడే! ఒకే ఊళ్ళో పేటకో చర్చి, పెళ్ళి సంబంధాల ప్రకటనలో "క్రిస్టియన్" పక్కన కులం పేరు. 1878 జూలై 3న మా గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. వీళ్ళను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్ళు అంతకుముందే అన్నా, ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ వీళ్ళను వెనక్కి పంపలేదు. ఇవాళ ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు నిలబడుతున్నారో చూసి చెప్పండి.
పోల్చుకోవద్దని నేననను. ఏడ్చిన సీను ఒక్కటే ఏరుకోవడం దగ్గరే నా పేచీ.

సండేస్కూల్ టీచర్:
వచ్చే వారం పెద్ద క్లాసు పిల్లలకు ఇదే పాఠం. ఊరియా వైపునుంచి మొదలుపెడతాను. మత్తయి 1వ అధ్యాయం వంశావళిలో బత్షెబ పేరు రాయకుండా, ఊరియా భార్య అనే రాశారు. రాజు చెరిపేయాలనుకున్న పేరు యేసు వంశావళిలో ఎందుకు నిలిచిందో పిల్లలనే అడుగుతాను.

కువైట్ నైట్‌డ్యూటీ:
అడగండి. కానీ 2 సమూయేలు 12:13 వదిలెయ్యొద్దు సిస్టర్. యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు, నువ్వు చావవు అన్నదీ నాతానే.

సండేస్కూల్ టీచర్:
చెబుతాను. 14వ వచనంతో కలిపి చెబుతాను, అక్కడ చనిపోయేది పసిబిడ్డ.