టెన్త్‌లో వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం బడి: 35 మార్కులా, పునాదా?

నాగావళి ఒడ్డు
శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస వైపు రెండు ఊళ్ళలో దసరా సెలవులయ్యాక సాయంత్రం బడి మొదలెడదామని కుర్రాళ్ళు అనుకుంటున్నారు. చెప్పేది సచివాలయం వాలంటీర్లు కారు, డిగ్రీ చదివేవాళ్ళు, ఇద్దరు రిటైరైన మాస్టార్లు. వచ్చేది లెక్కల్లో పది, పదిహేను మార్కులు దాటని పదో తరగతి పిల్లలు. మార్చిలో పరీక్ష. ఉన్న అయిదు నెలలూ గట్టెక్కించే ప్రశ్నల మీదే పెట్టాలా, తీసివేతలు, భాగహారాల దగ్గర్నుంచి మొదలెట్టాలా? పని తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉద్దానం లెక్కలు
పేపరు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. లెక్కలకి 100 మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఛాయిస్ ఎనిమిది మార్కుల వాటికే. ఒక మార్కువి ఆరు, రెండువి మూడు, నాలుగువి రెండు, ఎనిమిదివి రెండు సరిగ్గా రాస్తే 36 వస్తాయి. అంటే మొత్తం పుస్తకం అక్కర్లేదు. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, రేఖీయ సమీకరణాల గ్రాఫు, శ్రేఢులు, ఈ నాలుగూ గట్టిగా పట్టుకుని, సూత్రాలు రోజూ రాయిస్తే చాలు.

పునాది వద్దని నేననను. కానీ పిల్లాడు టెన్త్ తప్పితే ఏమవుతుందో మన జిల్లాలో అందరికీ తెలుసు. తీరం ఊళ్ళ కుర్రాడు చేపలవేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోటు ఎక్కుతాడు, ఆడపిల్లకి సంబంధాలు చూడ్డం మొదలెడతారు. సప్లిమెంటరీ ఉందిలే అనుకుంటాం గానీ, వేసవిలో కూలికెళ్ళినవాడు మళ్ళీ పుస్తకం పట్టుకోడు. ముందు గట్టెక్కించండి.

చీపురుపల్లి టీచరు
మాస్టారూ, మీరు చెప్పిన నాలుగు పాఠాల్లోంచే ఒక లెక్క తీసుకుందాం, మీడియన్ (మధ్యగతం). తరగతి 20–30, మొత్తం 60, అందులో సగం 30. ముందు తరగతి వరకు సంచిత పౌనఃపున్యం 18, ఈ తరగతి పౌనఃపున్యం 15, పొడవు 10. పిల్ల సూత్రం తప్పులేకుండా రాస్తుంది, విలువలూ సరిగ్గా వేస్తుంది: 20 + (30 − 18) ÷ 15 × 10. అక్కడ 30లోంచి 18 తీసెయ్యాలి. 28 అని వేస్తుంది.

ఎందుకంటే 0లోంచి 8 పోదు కాబట్టి తిరగేసి 8లోంచి 0 తీసింది. ఏ స్థానంలో చూసినా పెద్దంకెలోంచి చిన్నంకె తీసెయ్యడమే తీసివేత అనుకుంటున్న పిల్ల అది. అక్కణ్ణుంచి జవాబు 38.67కి పోతుంది. సరైనది 28. 20–30 తరగతిలో ఉండాల్సిన మీడియన్ 38 ఎలా అయిందని ఆమెకి అనుమానం రాదు, ఎందుకంటే మనం సూత్రం బట్టీ పట్టించాం గానీ మీడియన్ ఆ తరగతి లోపలే ఉండాలని చెప్పలేదు.

ఈ తప్పు సరిచెయ్యడానికి మూడు సాయంత్రాలు పడుతుంది. మూడు పదినోట్లు చేతికిచ్చి 18 ఇమ్మనండి. ఒక నోటు మార్చి పది రూపాయి బిళ్ళలు చేసుకోక తప్పదు. అది చేతులకి పట్టాక కాగితం మీద ‘అప్పు తెచ్చుకోవడం’. తర్వాత 502లోంచి 178 తీసెయ్యమనండి. 476 వేస్తే పని ఇంకా కాలేదన్నట్టు, 324 వేస్తే ముందుకెళ్ళొచ్చు. నడిమి సున్నా దాటినవాళ్ళు మళ్ళీ జారడం తక్కువ.

ఉద్దానం లెక్కలు
అమ్మా, ఆ తప్పు నిజమే. కానీ స్టెప్ మార్కులుంటాయి. పట్టిక వేసి, సూత్రం రాసి, విలువలు పెట్టినందుకు సగం పైనే వస్తాయి. మూడు సాయంత్రాలు తీసివేతకి, పది భాగహారానికి, ఇంకో పది భిన్నాలకి పోతే సంక్రాంతి వచ్చేస్తుంది.

వంశధార ఎన్నెస్సెస్
సాయంత్రాలు ఎన్నున్నాయో ముందు లెక్కెయ్యండి. ఎన్నెస్సెస్ (కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం) కుర్రాడికి ఏడాదికి 120 గంటలు సేవ ఉండాలి. మొత్తం దీనికే పెట్టినా గంటన్నర చొప్పున 80 సాయంత్రాలు. వరికోతలకి నవంబరు, డిసెంబరుల్లో పిల్లలు రారు, వాళ్ళ సెమిస్టరు పరీక్షలకి వాలంటీర్లు రారు. పండక్కి ఆగిన బడి చాలాచోట్ల మళ్ళీ తెరుచుకోదు. యాభై సాయంత్రాలు దొరుకుతాయనుకుని ప్లాను వేసుకోండి.

అయిదారుగురు పిల్లలకి ఒక వాలంటీరు, ప్రతి గుంపుకీ మారు మనిషి ఒకరు. గుంపుకో నోటుబుక్కు: ఈ రోజు ఏ పిల్ల ఏ తప్పు చేసింది, రేపు ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి, రెండు లైన్లు. అది లేకపోతే మారు మనిషి వచ్చిన ప్రతిసారీ శ్రేఢులు మొదటి లెక్క నుంచి మళ్ళీ చెప్తాడు. హెడ్మాస్టరుని ముందే కలవండి. బళ్ళో స్టడీ అవర్సు ఉంటే అదే టైముకి పెట్టొద్దు. పొద్దున్నుంచి కూర్చున్న పిల్లకి ఉడికించిన శనగలైనా పెట్టకుండా పాఠం మొదలెట్టొద్దు. పెద్దవాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, గది తలుపు తెరిచే ఉండాలి, ఆడపిల్లలు చీకటి పడకముందే ఇంటికి చేరాలి. శీతాకాలంలో అయిదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి వాళ్ళకి ఆదివారం పొద్దున్న పెట్టడమే నయం.

బొబ్బిలి కోట
పదో తరగతిలో మొదలెట్టడమే తప్పు. ఎనిమిదిలో మొదలెట్టండి, ఈ గొడవే ఉండదు.

నాగావళి ఒడ్డు
వచ్చే ఏడాదికి అదే చేస్తాం అన్నా. ఈ ఏడాది ఎదురుగా ఉన్న పిల్లల సంగతేటి?

చీపురుపల్లి టీచరు
మాస్టారన్న స్టెప్ మార్కులు ఒప్పుకుంటాను. అందుకే పునాదిని వేరే పాఠంగా కాకుండా పరీక్ష లెక్క లోపలే చెప్పమంటాను. సగటు పట్టికలో గుణకారం, మీడియన్‌లో తీసివేత, సంభావ్యతలో భిన్నాలు. ఒక్కటి మాత్రం ఇందులో ఇమడదు, చదవడం. ప్రశ్నే చదవలేని పిల్లకి ఏ నాలుగు పాఠాలూ పనికిరావు. సవర పిల్లలకి సవరలోనే చెప్పాలని గిడుగు రామమూర్తిగారు వాచకాలు రాసిన నేల ఇది. పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లకైనా ప్రశ్న ముందు తెలుగులో చెప్పించండి.

పిల్లలు ఎంతవరకు చదవగలరో, లెక్కలు చెయ్యగలరో చూసే ప్రథమ్ సంస్థవాళ్ళ అసర్ పరీక్షలో అక్షరం, మాట, పేరా, కథ అని మెట్లుంటాయి. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెలని ఒక అంకెతో భాగించడం. ఒక్కో పిల్లకి అయిదారు నిమిషాలు పడుతుంది. కథ చదివి తీసివేత చేసినవాళ్ళని మాస్టారి పద్ధతిలో పెట్టండి. పేరా దగ్గర ఆగిపోయినవాళ్ళకి మొదటి ఇరవై సాయంత్రాలూ సగం టైము చదవడానికే ఇవ్వండి.

ఆ పరీక్ష మాత్రం వరండా చివర, మిగతా పిల్లలకి వినపడనంత దూరంలో, ఒక్కొక్కరినే పిలిచి చెయ్యండి. స్నేహితుల ముందు రెండో తరగతి కథ తడుముకుంటూ చదివిన పదిహేనేళ్ళ కుర్రాడు మర్నాడు రాడు.