పరుగు పోటీ రోజు బరంపురం రోడ్ల మీద బండ్లు ఉండవు కదా, పరుగెత్తని వాళ్లం ఏం చేద్దాం?

సిల్క్‌సిటీ_కోడలు
వచ్చే నెల ఒక ఆదివారం పొద్దున్న మన ఊళ్లో 10 కిలోమీటర్ల పరుగు ఉంది. మా వీధి చివర మెయిన్ రోడ్డు మీదుగానే వెళ్లి, మళ్లీ అటే తిరిగి వస్తుందట. తెల్లవారుజాము నుంచి పరుగు అయ్యేదాకా బండ్లు రానివ్వరని చెబుతున్నారు. మా ఇంట్లో పరుగెత్తేవాళ్లు ఎవరూ లేరు, అయినా నాకు ఆ రోజు మీద చాలా ఆశగా ఉంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, చేతికర్రతో నడుస్తారు. ఆటోలూ బైకులూ ఆనుకుంటూ పోతుంటే భయపడి గుడికి వెళ్లడం కూడా మానేశారు. పాప సైకిల్ నేర్చుకుంటోంది, మేడ మీద తప్ప తొక్కే చోటే లేదు. పోయినసారి ఇలాగే రోడ్డు మూస్తే మా వీధిలో సగం మంది తలుపులేసుకుని పడుకున్నారు, మిగతావాళ్లు బండి తీయడానికి లేదని విసుక్కున్నారు. అంత ఖాళీ రోడ్డు ఇంటి ముందు పెట్టుకుని ఎవరూ బయటికి రాకపోవడం నాకు బాధగా అనిపించింది. పాల్గొనని వాళ్లను రోడ్డు మీదికి రానిస్తారా? అత్తగారిని ఎక్కడ కూర్చోబెడితే బాగుంటుంది? పాప ఆ టైంలో సైకిల్ తొక్కొచ్చా?

నీళ్ల_టేబుల్_దగ్గర
అక్కా, నేను ఇలాంటి పోటీల్లో వాలంటీర్‌గా నీళ్లు అందిస్తుంటాను, తెలిసింది చెప్తాను. రోడ్డు పక్కన నిలబడడానికి, అంచున నడవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పరుగెత్తేవాళ్ల దారిలోకి మాత్రం దిగకూడదు. అటు దాటాలంటే గుంపుకీ గుంపుకీ మధ్య ఖాళీ చూసుకుని అక్కడున్న వాలంటీర్‌ని అడిగి దాటండి, ముఖ్యంగా ముందు వరసలో వచ్చేవాళ్లు చాలా స్పీడుగా ఉంటారు, ఆగలేరు.

టైం ఎలా ఉంటుందో లెక్క వేసుకోండి. పరుగు మొదలయ్యే చోటు నుంచి మీ వీధి రెండు కిలోమీటర్లు ఉందనుకుందాం. మొదటివాళ్లు ఏడు నిమిషాల్లో వచ్చేస్తారు, మెల్లగా వచ్చేవాళ్లు కూడా ఇరవై నిమిషాల్లోపు దాటిపోతారు. తర్వాత కాసేపు రోడ్డు మొత్తం ఖాళీ. అరగంట అయ్యేసరికి ముందున్నవాళ్లు తిరుగు ప్రయాణంలో కనిపిస్తారు, ఆఖరివాళ్లు రావడానికి గంటా పావు పడుతుంది. చూడడానికి అన్నిటికన్నా మంచి చోటు వెనక్కి తిరిగే మలుపు. అక్కడ అందరూ స్పీడు తగ్గిస్తారు, మొహాలు కనిపిస్తాయి, పెద్దావిడకు కుర్చీ వేస్తే కదలకుండా అందరినీ చూస్తారు. నీళ్ల టేబుల్ పక్కన మాత్రం వెయ్యకండి, కప్పులూ నీళ్లూ పడి అక్కడ జారుతుంది.

సైకిల్ సంగతి: పరుగు నడుస్తుండగా వద్దు. అందరికన్నా వెనక ఒక వ్యాన్, అంబులెన్స్ వస్తాయి. అవి దాటిపోయాక బారికేడ్లు తీసేదాకా కొంచెం సమయం దొరుకుతుంది. ఆ సమయాన్ని అసలు వదలొద్దు, ముందే డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి చెప్పి పెట్టుకోండి. ఇంకో మాట, మెల్లగా వచ్చే ఆఖరివాళ్లకి చప్పట్లు కొట్టండి. ముందువాళ్లకి అందరూ కొడతారు, చివర్లో ఆయాసపడుతూ వచ్చేవాళ్లకే ఆ చప్పుడు ఎక్కువ అవసరం.

టిఫిన్_కొట్టు_బజారు
అందరూ ఆనందం గురించే రాస్తున్నారు, నా మాట కూడా వినండి. ఆదివారం పొద్దున్నే నా కొట్టుకి బేరం. పోయినసారి రోడ్డు మూస్తున్నట్టు ముందు రోజు సాయంత్రం దాకా మాకెవరూ చెప్పలేదు, పాల బండి రాలేదు, పిండి రుబ్బింది రుబ్బినట్టే ఉండిపోయింది. మా పక్కింటాయన వాళ్ల నాన్నని మెడికల్ కాలేజీకి తీసుకెళ్లడానికి సందులన్నీ తిరిగి ఎంత టెన్షన్ పడ్డాడో నేను కళ్లారా చూశాను. పరుగు వద్దనడం లేదు. వారం ముందు చెప్పండి, ఆసుపత్రికి వెళ్లే దారి ఏదో బోర్డు పెట్టండి. అప్పుడు నేనే బల్ల బయటికి వేసి వచ్చిన జనానికి ఉప్మా, వడ పెడతాను, నాకూ బేరమే కదా.

కోర్టుపేట_పెద్దాయన
పై కొట్టు ఆయన అన్నది న్యాయం. మోటారు వాహనాల చట్టం, 1988లో 115వ సెక్షన్ చూడండి. ప్రజల భద్రత కోసం, సౌకర్యం కోసం ఒక రోడ్డు మీద వాహనాలను ఆపే అధికారం అందులోనే ఉంది. నెల రోజులకు మించని ఆంక్షకు గెజిట్‌లో ప్రకటన అక్కర్లేదు గానీ, స్థానికంగా జనానికి తెలిసేలా ప్రచారం చేయాలని కూడా అందులోనే రాసి ఉంది. కాబట్టి ముందుగా చెప్పమని అడగడం మన హక్కు. మీ వీధిలో నలుగురు కలిసి నిర్వాహకులకు ఒక కాగితం రాసివ్వండి: రూట్ మ్యాప్, మూసే టైం, తెరిచే టైం, అంబులెన్స్ దారి. ఒడియాలో, తెలుగులో రెండింటిలోనూ వేయమనండి, మన పేటల్లో పెద్దవాళ్లు చాలామంది తెలుగే చదువుతారు.

ఇక అమ్మాయి అడిగినదానికి వస్తే, తప్పకుండా వెళ్లండి. మనది కసరత్తుల ఊరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ రవికుమార్ మన బరంపురం వాడే. మా చిన్నప్పుడు ఆటలు చూడాలంటే మైదానానికో వ్యాయామశాలకో వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఆటే ఇంటి ముందుకు వస్తుంటే పిల్లల్ని పడుకోబెట్టడం ఏమిటి? పక్కింటి టీచరమ్మ పరుగెత్తడం చూసిన పిల్ల రేపు తానూ పరుగెడతానంటుంది.

అరుగు_మీద
నాకు పరుగు కన్నా వీధే ఎక్కువ ఇష్టం. మన పాత పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఎంత పొడుగ్గా వెనక్కి వెళ్తాయో, ముందు అరుగులు ఎంత బాగుంటాయో మామూలు రోజుల్లో చూడలేం, చూపంతా వచ్చే బండి మీదే ఉంటుంది. రోడ్డు మూసిన రోజు నేను నడి రోడ్డులో నిలబడి తలెత్తి మేడల మీది చెక్క పని చూశాను. హారన్లు లేకపోతే మన ఊరు ఇలా వినిపిస్తుందా అనిపించింది: గుడి గంట, ఎవరింట్లోనో రేడియో, అరుగు మీంచి అరుగు మీదికి తెలుగులో ఒకరు అడిగితే ఒడియాలో ఇంకొకరు జవాబు చెప్పడం. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణీ యాత్రకి ఈ వీధులన్నీ జనంతో నిండిపోతాయి, వేషాలు, పులి నాట్యం, అదో పెద్ద సంబరం. కానీ ఆ తోపులాటలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాలేరు. పరుగు పొద్దున జనం తక్కువ, చోటు ఎక్కువ. మీ అత్తగారికి ఇదే సరైన రోజు. పరుగెత్తేవాళ్లు వెళ్లి ఇంకా తిరిగి రాని ఆ కాసేపట్లో గుడిదాకా నడిపించండి, మధ్యలో కూర్చోవడానికి దారిలో తెలిసినవాళ్ల అరుగులు చూసి పెట్టుకోండి. కుక్కలు ఉంటే కట్టేయమని ముందే చెప్పండి, అంతమంది ఒకేసారి పరుగెత్తితే అవి బెదిరిపోతాయి.

బీచ్_రోడ్_నుంచి
నాది బరంపురమే, ఉద్యోగం విశాఖలో. ఇక్కడ ఆర్కే బీచ్ రోడ్డు మీద పొద్దున్నే కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు, పోటీ ఉన్నా లేకపోయినా. నడిచే ముసలివాళ్లు, స్కేటింగ్ పిల్లలు, అందరూ రోడ్డు మీదే. హైదరాబాద్‌లో 2021లో ట్యాంక్‌బండ్‌ని ఆదివారం సాయంత్రాలు ఇలాగే జనానికి వదిలారు, కుటుంబాలకు కుటుంబాలు వచ్చాయి. కొలంబియా రాజధాని బొగోటాలో అయితే 1974లో మొదలై ఇప్పటికీ ఆదివారాలు, సెలవు రోజులు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు సైకిళ్లకీ నడకకీ వదులుతారు. మన ఊళ్లో ఏడాదికి ఒక పరుగుతోనే ఎందుకు ఆగాలి? గిరి రోడ్డు లాంటి రోడ్డు నెలకో ఆదివారం రెండు గంటలు మూస్తే చాలు. అయితే ముందు ఈ పరుగు రోజు జనం బయటికి రావాలి. రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఎవరికి కావాలి అంటారు, నిండుగా కనిపిస్తే మళ్లీ అడగడానికి మనకో ఆధారం ఉంటుంది. ఫోటోలు తీయండి, మీ అత్తగారు నడి రోడ్డులో నడుస్తున్న ఫోటో ఒకటి తప్పకుండా.

సిల్క్‌సిటీ_కోడలు
అందరికీ చాలా థ్యాంక్స్. అత్తగారికి చదివి వినిపించాను, గుడి దాకా నడుస్తానన్నారు, దారిలో ఇద్దరి అరుగులు ఆవిడే చెప్పారు. కాగితం మా వీధి తరఫున నేను రాస్తున్నాను, పెద్దాయన చెప్పిన నాలుగూ పెట్టాను, కొట్టు అన్నయ్య కూడా సంతకం పెడితే బాగుంటుంది. ఆఖరి వ్యాన్ వెళ్లాక పిల్లల సైకిళ్ల కోసం ఒక అరగంట బారికేడ్లు ఉంచమని అందులోనే అడగనా, లేక దానికి ట్రాఫిక్ పోలీసులకు వేరే రాయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

నీళ్ల_టేబుల్_దగ్గర
వేరే రాయండి అక్కా, బారికేడ్లు తీయడం ట్రాఫిక్ వాళ్ల చేతిలో ఉంటుంది. కాపీ మాత్రం నిర్వాహకులకు కూడా ఇవ్వండి. ఆ అరగంట పిల్లల్ని చూసుకోవడానికి వాలంటీర్లు కావాలంటారు, నేను ఉంటాను, ఇంకో ఇద్దరిని కూడా తీసుకొస్తాను.