హైదరాబాద్‌లో ఉద్యోగం: ఎల్‌బీ నగర్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఆఫీసు: కారు లేకుండా కుదురుతుందా?

పెట్రోలు_పద్దు:
దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటున్నదే. అయినా ఒక్క మనిషి ఆఫీసుకు పోవడానికి టన్ను ఇనుమును వెంటేసుకుపోతున్నాడు. రానూపోనూ 50 కి.మీ., సిటీలో మైలేజీ 15, లీటరు 107 అనుకుంటే 25 రోజులకు దాదాపు 8,900. మెట్రోలో గరిష్ఠ టికెట్ 69 వేసుకున్నా నెలకు 3,450. ఇంకా కారెందుకు?

గేర్‌బాక్స్:
సగం లెక్కే వేశారు మాస్టారూ. మెట్రోకు పోటీ కారు కాదు, బైకు. 45 ఇచ్చే బండికి అదే దూరం 3,000 లోపే తేలిపోతుంది. కారు మానమంటే జనం ఎక్కేది రైలు కాదు, బండే.

చైన్‌సెట్:
పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను ఇద్దరూ మరిచారు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అది 20 శాతం కలిస్తే ఆరేడు శాతం కోత. 15 ఇచ్చే కారు 14కు దిగుతుంది, నెలకు 9,500 దాటుతుంది. బైకుకూ అదే కోత. పైగా నెలకు 1,250 కి.మీ. తిరిగే బండికి 3,000కోసారి ఇంజిన్ ఆయిల్ అనుకున్నా, రెండున్నర నెలలకోసారి షెడ్డుకెళ్లాలి. చైను వదులైనా పట్టించుకోకపోతే స్ప్రాకెట్ పళ్లు అరిగి సెట్టు మొత్తం మార్చాలి. బండి ఖర్చంటే పెట్రోలొక్కటే అనుకోవడం అందరూ చేసే పొరపాటే.

నాగోల్_కిటికీసీటు:
అసలు చిక్కు అమీర్‌పేటలో ఉందండీ. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చే రెడ్ లైన్ దిగి, అంతస్తు మారి వెళ్లేసరికి రాయదుర్గం పోయే బ్లూ లైన్ రైలు నాగోల్ నుంచే నిండి వస్తుంది. ఉన్నవి మూడు బోగీలే. ఉదయం తొమ్మిదికి ఒకటో రెండో వదిలేయక తప్పదు. అందుకే ఎల్‌బీ నగర్‌లో ఎక్కకండి. సిటీ బస్సులో నాగోల్ వెళ్లండి. మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది, మధ్యలో మారే పని లేదు, టికెట్టూ అంతే. ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే జీరో టికెట్.

గేర్‌బాక్స్:
సీటు సరే, రాయదుర్గంలో దిగాక? ఆఫీసు కోకాపేటలో అయితే? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కి.మీ. సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వేశారు. ఆదివారం తొక్కడానికి బాగుంటుంది. మెట్రో దిగినవాడికి అందదు.

పెట్రోలు_పద్దు:
కోకాపేట వాళ్ల విషయంలో ఒప్పుకుంటున్నా. స్టేషన్‌కు రెండు కి.మీ. లోపు ఆఫీసున్న వాళ్ల సంగతి చూడండి. షేర్ ఆటో 20 చొప్పున నెలకు 1,000, మెట్రోతో కలిపి 4,450. కారుతో పోలిస్తే 5,000 మిగులు. వాన పడ్డా, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఐదువందల చొప్పున పది క్యాబులు. ఈఎంఐ, ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు.

గేర్‌బాక్స్:
నైట్ షిఫ్టు వాళ్లకో?

నాగోల్_కిటికీసీటు:
కంపెనీ క్యాబ్ ఇస్తుందో లేదో ముందు కనుక్కోండి. ఇవ్వకపోతే కారు అమ్మకండి.