లూసీ చెట్లెక్కేదని ఎముకలు ఎలా చెబుతాయి?

ప్రశ్న: ఇథియోపియాలోని హడార్‌లో 1974లో దొరికిన లూసీ (మనిషి పూర్వీకుల కోవకు చెందిన ఆడజీవి శిలాజం), 32 లక్షల ఏళ్ళ నాటిది, రెండు కాళ్ళ మీదే నడిచేదంటారు. మరి చెట్లు కూడా ఎక్కేదని ఎలా తేల్చారండీ? వేళ్ళ ఎముకల వంపు ఒక్కటే ఆధారమా?

జవాబు: వంపు ఒక్కటే అయితే చాలదండీ. అది పూర్వీకుల నుంచి మిగిలిపోయిన లక్షణం కూడా కావచ్చు. బతికుండగా వాడకాన్ని బట్టి మారేది ఎముక గోడ మందం. టెన్నిస్ ఆటగాళ్ళకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండోదానికన్నా గట్టిపడుతుంది చూడండి, అదే సూత్రం. లూసీ దండ ఎముకనూ తొడ ఎముకనూ స్కాన్ చేసి, వాటి బలాలు పోల్చి 2016లో ఫలితాలు ప్రచురించారు. చింపాంజీకి చేతుల్లో బలమెక్కువ, మనకు కాళ్ళలో. లూసీ రెంటికీ నడుమ నిలిచింది. చేతులతో ఒళ్ళు పైకి లాక్కునే పని తరచూ చేసేదన్నమాట. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఆధారం ఇదే.

జవాబు: కాళ్ళ సంగతీ చూడాలి. ఆమె తొడ ఎముక మోకాలి వైపు లోపలికి వాలుతుంది. అందుకే ఒంటికాలి మీద ఉన్న క్షణంలో పాదం సరిగ్గా ఒంటి బరువు కిందికొస్తుంది. ఆ వాలు లేకనే చింపాంజీ నిలబడి నడిస్తే అటూ ఇటూ ఊగుతుంది. టాంజానియాలోని లేటోలి బూడిదలో సుమారు 36 లక్షల ఏళ్ళ నాటి, లూసీ జాతివిగా భావించే అడుగుజాడల్లో బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంది. అంటే చింపాంజీలా కొమ్మను పట్టే పాదం కాదన్నమాట.

ప్రశ్న: మరి కొమ్మను పట్టలేని పాదంతో ఎక్కడమెలాగండీ?

జవాబు: పట్టక్కర్లేదు. ఉగాండాలోని త్వా ప్రజలు తేనె కోసం ఎక్కేటప్పుడు చీలమండను బాగా మడిచి, అరికాలిని బోదెకు ఆనించి పైకి నడుస్తారు. వారి పిక్క కండరాల పోగులు పొడవు, చీలమండ ఎముకలు మాత్రం మనవాటిలాంటివే. కాబట్టి చీలమండ ఎముక ఒక్కటే చూసి ‘లూసీ చెట్లెక్కలేకపోయేది’ అంటే పొరబాటే.