2022లో లంపీ (పశువులకు వచ్చే గడ్డల చర్మవ్యాధి) అంతగా చంపడానికి వైరస్‌ మారడమే కారణమా?

ఒంగోలు పాడిరైతు:
2019లో ఒడిశాలో లంపీ మొదలైనప్పుడు పశువులకు గడ్డలు లేచాయి, జ్వరం వచ్చింది, పాలు తగ్గాయి. చాలావరకు తేరుకున్నాయి. 2022లో గుజరాత్, రాజస్థాన్‌ వైపు మొదలై దేశమంతా కలిపి లక్షకు పైగా చచ్చాయి. బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు ఆ వైరస్‌లో 1,800కు పైగా జన్యుమార్పులు చూపించారు. ఇంకా టీకాలు ఆలస్యమయ్యాయని నిందించడం దేనికి?

పశువైద్యుడు, కరీంనగర్‌:
ఆ అంకె చూసి బెదరకండి. లంపీది డీఎన్‌ఏ వైరస్‌, జన్యుక్రమం సుమారు లక్షన్నర అక్షరాలు. కరోనా వేగంతో మారే రకం కాదు. మూడేళ్లలో ఇక్కడే ఇన్ని మార్పులు పోగయ్యాయంటే నేను నమ్మను. అదే పరిశోధనలో రెండు గుంపులు కనిపించాయి కదండీ: ఒకటి 2019 రాంచీ, 2020 హైదరాబాద్‌ నమూనాలకు దగ్గర, మార్పులు తక్కువ. రెండోది 2015 నాటి రష్యా నమూనాలకు దగ్గర. నాకైతే ఇంటిదొంగ వేషం మార్చినట్టు లేదు, బయటివాడు జొరబడ్డట్టుంది. అయినా ఏది ఎక్కువ చంపుతుందో అక్షరాలు చదివి చెప్పలేం. టీకా పడని మందలు, సంతలు, జోరీగలు, దోమలు కూడా లెక్కలోకి రావాలి.

వైరాలజీ విద్యార్థిని:
మీతో సగం ఏకీభవిస్తాను సార్‌. ఆర్‌పీఓ30, జీపీసీఆర్‌ లాంటి ఒకటి రెండు చిన్న జన్యువులు మాత్రమే చదివి ‘పాత రకమే’ అని తేల్చేయడం ఇక్కడ మామూలైపోయింది. 2017లో రష్యాలోని సరాతోవ్‌లో దొరికిన వైరస్‌ టీకా వైరస్‌కూ బయట తిరిగే వైరస్‌కూ కలగలుపు. ఒక ముక్క చూస్తే టీకా, మరో ముక్క చూస్తే రోగం. మొత్తం క్రమం చదివాకే బండారం బయటపడింది. నాణ్యత లేని టీకా సీసాలోనే ఆ కలయిక జరిగి ఉంటుందని తర్వాతి విశ్లేషణలు సూచించాయి. అలాంటి రకాలే చైనా, వియత్నాం, థాయిలాండ్‌లకు పాకాయి. టీకా ఆలస్యం ఒక తప్పయితే, ఏ టీకా అని అడగకపోవడం ఇంకో తప్పు.

ఒంగోలు పాడిరైతు:
అయితే మా ఆవులకు వేసిన మేకల మశూచి టీకా సంగతేమిటి?

పశువైద్యుడు, కరీంనగర్‌:
మేకల మశూచి వైరస్‌, లంపీ వైరస్‌ దగ్గరి చుట్టాలే. జన్యుక్రమంలో తేడా మూడు నాలుగు శాతమే. అందుకే ఆ టీకా కొంత కాస్తుంది. రాంచీ నమూనా నుంచి హిసార్‌, ఇజ్జత్‌నగర్‌ పశు పరిశోధన సంస్థలు చేసిన లంపీ టీకాను 2022 ఆగస్టులో ప్రకటించారు. అదే వైరస్‌తో చేసింది కాబట్టి నా ఓటు దానికే.

వైరాలజీ విద్యార్థిని:
వేయండి. కానీ టీకా పడిన మందలో గడ్డలు లేస్తే పెచ్చు తీసి మొత్తం క్రమం చదివించండి. లేకపోతే అది టీకా తాలూకు గడ్డో, రోగమో తెలియదు. చనిపోయిన వాటివీ, తేరుకున్న వాటివీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఈ వాదన తేలదు.

ఒంగోలు పాడిరైతు:
గుంత తవ్వి, సున్నం చల్లి, వాసన రాకముందే పూడ్చే హడావిడిలో పెచ్చులు ఎవరు తీస్తారమ్మా?